నాన్నగారి చెవిలో రాలిపోయిన హల్లులు

మా నాన్నగారికి కావలసిన మాటలే వినపడతాయని మా ఇంట్లో చాలాకాలం నవ్వుకునేవాళ్ళం. మలక్‌పేట స్టేషన్ వైపు నుంచి వచ్చే రైలు చప్పుడును లోపలి గదిలో పడుకునే పసిగట్టే మనిషి, పక్కనే కూర్చున్న మనవరాలు నాలుగుసార్లు పిలిచినా పలకకపోతే, అది చెవుడేమోనని మాలో ఎవరికీ తోచలేదు. అమ్మ "పప్పు వెయ్యనా?" అని అడిగితే ఆయన "తప్పేముంది?" అనేవారు. జవాబు అతికినట్టే ఉండేది కనుక అదీ గడిచిపోయింది.

అది చెవుడేనేమోనని తోచాక చేసిన మొదటి ప్రయత్నం నా తొందరపాటు వల్లే చెడింది. పరీక్ష ఏదీ చేయించకుండా ఒక దుకాణంలో కొనుక్కొచ్చిన వినికిడి మిషను మాటతో పాటు ఫ్యాను హోరును, గిన్నెల మోతను కూడా పెంచేసింది. వారం తిరగకుండా అది బీరువా సొరుగులోకి చేరింది.

రెండోసారి ముందు ఇ.ఎన్.టి. వైద్యుడి దగ్గరకు వెళ్ళాము. ఆయన గుబిలి తీయించి, ఆడియోమెట్రీకి, అంటే వినికిడి పరీక్షకు, పంపారు. శబ్దం చొరబడని చిన్న గదిలో నాన్నగారిని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చారు. శబ్దం ఎంత సన్నగా వినపడినా దాన్ని నొక్కాలి. 250 హెర్ట్జ్ దగ్గర, అంటే మంద్ర శబ్దానికి, ఆయన వెంటనే నొక్కారు. 4000 హెర్ట్జ్ కీచు శబ్దం వచ్చేసరికి, పరీక్ష చేసే ఆడియాలజిస్టు అమ్మాయి తీవ్రతను 40, 50, 60 డెసిబెల్స్ వరకు పెంచుకుంటూ పోయినా, అద్దానికి అవతల ఆయన బొటనవేలు మీట మీద కదలకుండానే ఉంది. ఏదో ఒకటి వినపడకపోతుందా అన్నట్టు కొంచెం ముందుకు వంగి, కళ్ళు మూసుకుని ఆయన కూర్చున్న తీరు చూశాక, ఇన్నాళ్ళు మేము నవ్విన నవ్వులన్నీ గుర్తొచ్చి నాకు తల వాలిపోయింది. చెవి వెనుక ఎముకకు ఒక కంపన పరికరం పెట్టి చేసిన పరీక్షలోనూ ఫలితం మారకపోవడంతో, లోపం లోపలి చెవిలోనే ఉందని తేలింది.

ఆ పరీక్ష ఫలితాన్ని గీసే ఆడియోగ్రామ్‌లో కుడి చెవికి ఎర్రని సున్నాలు, ఎడమ చెవికి నీలి రంగు ఇంటూ గుర్తులు వేస్తారు; గీత ఎంత కిందికి దిగితే వినికిడి అంత తక్కువన్నమాట. ఆ రెండు గీతలూ 1000 హెర్ట్జ్ దాకా దాదాపు సమంగా నడిచి, అక్కడి నుంచి గోల్కొండ మెట్లు దిగినట్టు కిందికి జారి, 4000 దగ్గర 65 డెసిబెల్స్‌కు చేరాయి. అచ్చుల బలమంతా ఎక్కువగా తక్కువ పౌనఃపున్యాలలోనూ (మంద్ర శబ్దాలలోనూ), స, శ, త వంటి హల్లుల ఆనవాలు ఎక్కువగా 2000కు పైననూ ఉంటాయట. అంటే ఆయనకు మనం మాట్లాడుతున్నామని తెలుస్తుంది కానీ ఏమన్నామో తెలియదు. ముప్పై ఏళ్ళు ప్రెస్సులో, అచ్చు యంత్రాల మోత పక్కనే, అక్షరాల దిమ్మలను ఏరి పేజీ కూర్చే కంపోజిటర్‌గా పనిచేసిన నాన్నగారు ఇదంతా విని, "అక్షరాల కేసులో కొన్ని గళ్ళు ఖాళీ అయిపోయాయన్నమాట, మిగిలిన అక్షరాలతోనే పేజీ కూర్చుకుంటున్నాను" అన్నారు. డాక్టరు చెప్పినదాని కన్నా నాకు అదే బాగా అర్థమైంది.

"గట్టిగా చెప్పు" అన్న మనిషే మరుక్షణం "అరుస్తావెందుకు?" అనడానికి కూడా కారణం అక్కడే తెలిసింది. లోపలి చెవిలో మెల్లని శబ్దాలను పెంచి అందించే రోమకణాలు దెబ్బతింటే చిన్న చప్పుళ్ళు మాయమవుతాయి, పెద్దవి మాత్రం మనకెంత పెద్దవో వారికీ దాదాపు అంతే పెద్దవి. పైగా అరిచినప్పుడు పెరిగేది ప్రధానంగా అచ్చులే, రాలిపోయిన హల్లులు కావు.

కొత్త మిషనును ఆ గీతలకు తగ్గట్టు కంప్యూటరుతో సర్ది, మొదట తక్కువలో పెట్టి, కొన్ని వారాలలో మెల్లగా పెంచారు. తొలిరోజు పేపరు మడత విప్పితే ఆ గరగరకు ఆయన ఉలిక్కిపడ్డారు. తన గొంతు తనకే కుండలోంచి మాట్లాడినట్టు ఉందన్నారు. ఇప్పుడు మనవరాలు ఎదురుగా వచ్చి "తాతయ్యా" అని పిలిచి, ఆయన తలెత్తాక విషయం చెబుతుంది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మాట్లాడటం మానేశాము, అంటే మానేయడానికి ప్రయత్నిస్తున్నాము.

ఫంక్షన్ హాలులో మాత్రం నాదస్వరం, మైకు, వందమంది మాటలు కలగలిసిపోయి ఆయన మిషను తీసి జేబులో వేసుకుంటున్నారు. వచ్చే నెల మా చెల్లెలి కొడుకు పెళ్ళి ఉంది. ఈలోగా రద్దీ చోట్లకు వేరే సెట్టింగు పెట్టించాలని, వచ్చే సోమవారానికి మళ్ళీ సమయం తీసుకున్నాను.