సోలార్ స్టాండుకు ఇనుమా, అల్యూమినియమా: రెండింటినీ లాగి చూసిన అనుభవం

తిరుపతిలో మేడ మీద సోలార్ స్టాండుకు ఏ లోహం వాడాలో తేల్చుకోవడానికి రెండు రకాలకు టెన్సైల్ టెస్టు (కడ్డీని తెగేదాకా లాగి చూసే పరీక్ష) చేయించాను. ఒకటి 6061-టీ6 గ్రేడు అల్యూమినియం (టీ5, టీ6 అంటే వేడితో గట్టిపరచిన రకాలు), రెండోది ఐఎస్ 2062 ఈ250 గ్రేడు మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఇనుము.

జాగ్రత్త కొనే దగ్గరే మొదలవుతుంది. కిటికీలకు అమ్మే అల్యూమినియం సెక్షను ఎక్కువగా 6063. అందులో టీ5 రకం ఈల్డు (లాగి వదిలినా మళ్లీ మొదటి పొడవుకు రాకుండా సాగిపోవడం మొదలయ్యే ఒత్తిడి) సుమారు 145 మెగాపాస్కల్స్ మాత్రమే, 6061-టీ6కు 276. చూపుతో తేడా పట్టలేం, మిల్ టెస్ట్ సర్టిఫికెట్ (తయారీ ఫ్యాక్టరీ ఇచ్చే పరీక్ష పత్రం) అడిగి తీసుకోవాలి.

రేణిగుంట రోడ్డులో లేత్ షాపుకు ఇచ్చిన కొలతలు ఇవి: 16 మి.మీ. కడ్డీ, మధ్యలో 10 మి.మీ. వ్యాసం, గేజి పొడవు (సాగుదల కొలిచే మధ్య భాగం) 50 మి.మీ., భుజం దగ్గర 8 మి.మీ. రేడియస్. అక్కడ మూల పదునుగా వదిలేస్తే ముక్క గేజి బయట తెగుతుంది, ఆ రీడింగు లెక్కలోకి రాదు. అల్యూమినియం టూలు మొనకు అతుక్కుని గీతలు పెడుతుంది. కిరోసిన్ పోస్తూ తిప్పించి, చివర్లో ఎమెరీ కాగితంతో పొడవు వెంబడి రుద్దించాలి.

యూటీఎం (ముక్కను లాగే టెస్టింగ్ మిషన్) మీద అల్యూమినియం 25 కిలోన్యూటన్ల దరిదాపుల్లో, స్టీలు 35 చుట్టుపక్కల తెగుతాయి. అందుకే మిషన్‌లో పెద్ద లోడు రేంజి వద్దు. ముక్కకే తగిలించి సాగుదల కొలిచే ఎక్స్‌టెన్సోమీటర్ లేకుండా మాత్రం టెస్టు ఒప్పుకోకూడదు. ఈల్డు దాకా 50 మి.మీ. గేజిలో స్టీలు సాగేది 0.06 మి.మీ., అల్యూమినియం 0.2 మి.మీ. మిషన్ క్రాస్‌హెడ్ (ముక్కను లాగే అడ్డ దిమ్మె) కదలిక చూసి లెక్క కడితే గ్రిప్పులు జారడం, మిషన్ వంగడం కూడా అందులో కలిసి, ఎలాస్టిక్ మాడ్యులస్ (సాగకుండా, వంగకుండా నిలిచే బిగువు) అసలు కంటే బాగా తక్కువగా వస్తుంది. ఇంకో సంగతి, స్టీలుకు ఈల్డు దగ్గర ముల్లు ఆగడం కంటికి కనిపిస్తుంది. అల్యూమినియం గ్రాఫు మెల్లగా వంగిపోతుంది కనుక 0.2 శాతం దగ్గర, అంటే 0.1 మి.మీ. పక్కకు జరిపి, మొదటి గీతకు సమాంతరంగా గీసి, అది గ్రాఫును తాకిన చోట ప్రూఫ్ స్ట్రెస్ (ఈల్డుకు బదులు వాడే విలువ) తీయాలి.

నా ముక్కలు పుస్తకం విలువలకు దగ్గరగానే వచ్చాయి. ఈల్డు రెండింటికీ దాదాపు సమానం, అల్యూమినియం 276 మెగాపాస్కల్స్‌కు స్టీలు 250. మాడ్యులస్ మాత్రం 69 గిగాపాస్కల్స్‌కు 205. అమ్మేవాళ్లు చెప్పే "ఇనుమంత బలం" మాట ఈల్డు వరకే నిజం. ఒకే సెక్షను వేస్తే అల్యూమినియం మూడింతలు వంగుతుంది. బోలు లేని గట్టి పట్టీ అయితే, అల్యూమినియం ఎత్తును 1.44 రెట్లు పెంచితే వంపు సమానమవుతుంది, అప్పటికీ బరువు స్టీలులో సగమే. గాలికి ఊగే స్టాండుకు నేను చూసుకునే లెక్క ఇదే.

వెల్డింగు చేస్తే టీ6 బలం అతుకు చుట్టూ పడిపోతుంది, తెగే బలం 310 మెగాపాస్కల్స్ ఉన్నది 165కు దిగొచ్చు. అందుకే కాళ్లు గాల్వనైజ్డ్ స్టీలు, ప్యానెళ్లు కూర్చునే పొడవాటి రైళ్లు (పట్టీలు) అల్యూమినియం, బోల్టులతోనే జోడింపు, మధ్యలో నైలాన్ వాషరు. లేకపోతే రెండు లోహాలు తాకేచోట వాన తడికి ముందు స్టీలు మీది జింకు పూత, అది పోయాక అల్యూమినియం తినుకుపోతాయి. 40 డిగ్రీల తేడాకు 3 మీటర్ల అల్యూమినియం రైలు 2.8 మి.మీ. సాగుతుంది, స్టీలు 1.4. కాబట్టి ఒక కొస బిగించి, రెండో కొసకు బోల్టు అటూఇటూ జరిగేలా స్లాటు కొట్టించాలి.