కొండ అడవిలో కర్బనం కొలవడం: నా అనుభవం

మారేడుమిల్లి, చింతపల్లి వైపు కొండ అడవుల్లో కర్బనం కొలవాలంటే ముందు అటవీశాఖ అనుమతి చేతిలో ఉండాలి. ఆ తర్వాత లెక్క చెడితే అది వాలు మీద టేపు పట్టేటప్పుడో, మట్టి తీసేటప్పుడో చెడుతుంది.

మేం 0.1 హెక్టారు చదరం వేస్తాం. భుజం 31.62 మీటర్లు, అదీ మట్టంగా చూసుకున్న దూరం. 30 డిగ్రీల వాలులో కొండ పైకి నేల వెంబడి టేపు లాగితే 36.5 మీటర్లు రావాలి. నేల మీదే 31.62 వేసి ఊరుకుంటే ప్లాటు 13 శాతం చిన్నదైపోతుంది, హెక్టారు లెక్కా అంతే తగ్గుతుంది. వాలుకు అడ్డంగా పోయే భుజానికి ఈ సవరణ అక్కర్లేదు.

చెట్టు చుట్టుకొలత 1.37 మీటర్ల ఎత్తులో, ఎగువ వైపు నిలబడి తీసుకోవాలి. అడ్డాకు తీగ చుట్టుకుని ఉంటే దాన్ని ఎత్తి, టేపు కింద నుంచి పోనివ్వాలి. తీగతో కలిపి కొలిచి 30 సెంటీమీటర్ల వ్యాసాన్ని 33గా రాస్తే చెట్టు బరువు 20 శాతం పెరిగిపోతుంది. బరువుకు వాడే సూత్రం ఇది: కలప సాంద్రత, వ్యాసం వర్గం, ఎత్తు గుణించి, 0.976 ఘాతానికి ఎత్తి, 0.0673తో గుణించాలి. సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.6 గ్రాములు, వ్యాసం 30 సెంటీమీటర్లు, ఎత్తు 15 మీటర్లు ఉన్న చెట్టుకు నేలపై భాగం ఎండు బరువు సుమారు 440 కిలోలు వస్తుంది. అందులో 47 శాతం, అంటే 206 కిలోలు కర్బనం. జీలుగు చెట్టుకు మాత్రం ఈ సూత్రం పెట్టకూడదు. అది తాటి జాతి, వేరే సూత్రం కావాలి.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది నేల మీద. 2021 అటవీ నివేదిక ప్రకారం దేశంలోని అడవుల కర్బనంలో సగానికి పైగా మట్టిలోనే ఉంది. పైన రాలిన ఆకును విడిగా ఏరి తూచాక, 0–10, 10–20, 20–30 సెంటీమీటర్ల పొరలుగా మట్టి తీస్తాం. 105 డిగ్రీల దగ్గర బరువు నిలకడగా వచ్చేదాకా ఆరబెట్టి, ఆ బరువును ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. రాళ్ల నేలలో మట్టి నమూనా తీసే ఇనుప రింగును సుత్తితో దించితే మట్టి అణిగి సాంద్రత ఎక్కువ చూపిస్తుంది. అలాంటిచోట చిన్న గొయ్యి తీసి, పల్చటి పాలిథిన్ పరిచి, అంచు దాకా నీళ్లు పోసి ఎన్ని పట్టాయో కొలవడం నయం. తీసిన మట్టినంతా దాచి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి రాళ్లు వేరు చేయాలి.

కర్బనం 2 శాతం, రాళ్లు తీసేసిన మట్టి సాంద్రత 1.2, లోతు 30 సెంటీమీటర్లు అయితే మూడూ గుణించి హెక్టారుకు 72 టన్నులు. ఘనపరిమాణంలో నాలుగో వంతు రాళ్లుంటే నిజానికి ఉండేది 54 టన్నులే. కొండ నేలల్లో ఉన్నదానికంటే ఎక్కువ చూపించే లెక్కల్లో ఈ కోత మరిచిపోవడమే నాకు ఎక్కువగా కనిపిస్తుంది.

పాత పోడు భూముల్లో జల్లెడలో బొగ్గు ముక్కలు మిగులుతాయి. వాటిని విడిగా తూచి రాయండి. ల్యాబులో మట్టి కర్బనాన్ని రసాయనాలతో కొలిచే వాక్లీ-బ్లాక్ పద్ధతి బొగ్గును పూర్తిగా పట్టుకోలేదు. మామూలు కర్బనంలోనూ అది పట్టేది దాదాపు 77 శాతమే కాబట్టి ఫలితాన్ని 1.3తో గుణిస్తారు. ల్యాబు ఇచ్చిన అంకెలో ఆ సవరణ కలిసిందో లేదో అడిగి రాయించుకోండి, లేదంటే రెండుసార్లు గుణించేస్తారు.

మళ్లీ కొలవాలనుకుంటే ప్లాటు మూలల్లో ఇనుప మేకులు దించి, చెట్ల మీద 1.37 దగ్గర రంగు గీత పెట్టాలి. తర్వాతిసారి మట్టి తీసేది పాత గోతులకు ఎడంగా, తవ్వని చోట.