పదేళ్లలో ఒక్క నెల కూడా ఖాళీ ఉండకూడదు: ఎస్ఎఫ్-86లో ఉద్యోగాల సెక్షన్ నింపిన అనుభవం

అమెరికా పౌరసత్వం వచ్చాక ఫెడరల్ కాంట్రాక్టుల వైపు వెళ్లే మనవాళ్లు ఎక్కువగా భయపడేది విదేశీ బంధువుల సెక్షన్ల గురించి. ఇండియాలో అమ్మానాన్నలు, తోబుట్టువులు ఉన్న సంగతి ఎవరూ దాచరు కాబట్టి అక్కడ పొరపాట్లు తక్కువ. ప్రభుత్వ రహస్య సమాచారం చూడ్డానికి కావాల్సిన అనుమతిని సెక్యూరిటీ క్లియరెన్స్ అంటారు, దానికి నింపే ఫారమే ఎస్ఎఫ్-86. అది నింపేటప్పుడు నాకు ఎక్కువ పని పెట్టింది 13ఏ, అంటే ఉద్యోగ చరిత్ర. ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే చేసే ఉద్యోగం), కన్సల్టెన్సీ, బెంచ్ (ప్రాజెక్టు లేకుండా ఉండే కాలం), కన్సల్టెన్సీకీ క్లయింటుకీ మధ్య ఉండే వెండర్ల వరస, పెంచి రాసిన రెజ్యూమె, ఇవన్నీ వచ్చి చేరేది అక్కడికే.

క్లియరెన్స్‌కు మనంతట మనం దరఖాస్తు పెట్టుకోలేం. ఉద్యోగమిచ్చే కంపెనీగానీ ప్రభుత్వ సంస్థగానీ స్పాన్సర్ చేయాలి. కంపెనీలోని ఫెసిలిటీ సెక్యూరిటీ ఆఫీసర్ (అందరూ ఎఫ్ఎస్ఓ అంటారు) ప్రక్రియ మొదలుపెడితే ఈ-యాప్ అనే వెబ్‌సైట్‌లో ఫారం తెరుచుకుంటుంది. అక్కడి నుంచి గడువు నడుస్తుంది కాబట్టి, ఉద్యోగం ఆఫర్ రాగానే కాగితాలు పోగు చేయడం మొదలుపెట్టాలి.

13ఏ అడిగేది గడిచిన పదేళ్లు. ఫుల్‌టైమ్, పార్ట్‌టైమ్, సొంత వ్యాపారం, ఉద్యోగం లేని కాలం, అన్నీ నెల, సంవత్సరంతో రాయాలి. మధ్యలో ఖాళీ వదలకూడదు. ఉద్యోగం లేకపోతే ‘నిరుద్యోగం’ అని ఒక ఎంట్రీ వేసి, ఆ రోజుల్లో మనం ఏం చేశామో, ఎలా బతికామో చెప్పగలిగిన మనిషి పేరు, ఫోన్ ఇవ్వాలి. సొంత వ్యాపారానికీ అలా ధ్రువీకరించే మనిషి కావాలి. రూమ్మేట్, బావమరిది ఎవరైనా పర్లేదు గానీ, వాళ్లకు ఆ రోజులు నిజంగా తెలిసుండాలి.

నేను ముందు ఒక ఎక్సెల్ షీటులో పదేళ్లకు 120 వరసలు పెట్టి, ప్రతి నెల ఎదురుగా మూడు విషయాలు రాసుకున్నాను: జీతం ఎవరిచ్చారు, ఎక్కడ కూర్చుని పని చేశాను, ఎక్కడ ఉన్నాను. ఈ మూడోది 11వ సెక్షన్‌లో రాసే నివాసాలతో సరిపోవాలి. డాలస్‌లో ఉద్యోగమని రాసి, అదే నెలల్లో న్యూజెర్సీలో ఇల్లని రాస్తే, రిమోట్‌గా పనిచేశానన్న వివరం లేకపోతే, ఫారంలోని వివరాలు ఆరా తీసే పరిశోధకుడు మొదట అడిగే ప్రశ్న అదే.

జ్ఞాపకం మీద ఆధారపడొద్దు. ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) వెబ్‌సైట్‌లో వేజ్ అండ్ ఇన్‌కమ్ ట్రాన్‌స్క్రిప్ట్ ఉచితం. ఏ ఏడాది ఎవరు డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్ను చూపే ఫారం) ఇచ్చారో అందులో ఉంటుంది, నెలలు ఉండవు. నెలలకు పే స్టబ్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆఫర్ లెటర్లు చూసుకోవాలి. ద వర్క్ నంబర్ అనే సంస్థ నుంచి మన ఉద్యోగాల రిపోర్టు ఉచితంగా తెప్పించుకోవచ్చు, అందులో చేరిన, మానేసిన తేదీలు దొరకొచ్చు. ఇండియాలో చేసిన ఉద్యోగం పదేళ్ల లోపలిదైతే పీఎఫ్ పాస్‌బుక్, ఫారం 16, రిలీవింగ్ లెటర్ పనికొస్తాయి. హైదరాబాద్‌లో ఆ కంపెనీ మూతపడినా ఎంట్రీ వదలకూడదు. పాత చిరునామా రాసి, మూతపడిందని కామెంట్‌లో చెప్పి, అప్పటి మేనేజర్ ఇప్పటి నంబరు ఇవ్వాలి. తేదీ కచ్చితంగా తేలకపోతే ‘అంచనా’ అని టిక్ పెట్టే గడి ఉంది, దాన్ని వాడుకోండి.

ఇక్కడ పుట్టిన అమెరికన్‌కు లేని చిక్కు మనకొకటి ఉంది. మన ఉద్యోగ చరిత్రను మనం ఇదే ప్రభుత్వానికి ఇంతకుముందు చాలాసార్లు రాసిచ్చాం. వీసాకు డీఎస్-160, ఓపీటీ సమయంలో కాలేజీ ద్వారా సెవిస్‌లోకి (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డుల్లోకి) వెళ్లిన వివరాలు, హెచ్-1బీ పిటిషన్, గ్రీన్ కార్డు ఫారాలు, చివరికి పౌరసత్వ దరఖాస్తు ఎన్-400. అవన్నీ వేర్వేరు లాయర్లు వేర్వేరు ఏళ్లలో నింపినవి. అందుకే వాటి కాపీలు ఎదురుగా పెట్టుకున్నాకే 13ఏ మొదలుపెట్టాను. కాపీలు లేనివాళ్లు తమ ఏ-ఫైల్ (ఇమిగ్రేషన్ కాగితాలన్నీ ఉండే ఫైల్) కోసం ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు సమాచార హక్కు కింద ఆన్‌లైన్‌లో అభ్యర్థన పెట్టుకోవచ్చు. రావడానికి సమయం పడుతుంది, కాబట్టి ముందే పెట్టాలి. పాత ఫారంలో తేదీ తప్పుగా ఉంటే, దానికి సరిపోయేలా ఇక్కడా తప్పు రాయకండి. నిజమైన తేదీ రాసి, తేడా ఎందుకొచ్చిందో కామెంట్‌లో ఒక్క వాక్యం పెట్టండి.

కన్సల్టెన్సీ ఉద్యోగాల్లో యజమాని అంటే జీతమిచ్చి డబ్ల్యూ-2 జారీ చేసిన కంపెనీయే. మధ్యలో వెండరు, చివర క్లయింటు ఎవరైనా, వాళ్లు యజమానులు కారు. రెజ్యూమెలో పెద్ద బ్యాంకు పేరు వేసుకునే అలవాటుతో ఇక్కడా యజమాని గడిలో బ్యాంకు పేరు రాస్తే, ఆ బ్యాంకు హెచ్ఆర్ ‘ఈ పేరుతో మా దగ్గర ఎవరూ పనిచేయలేదు’ అంటుంది. పనిచేసిన చోటు యజమాని చిరునామాకు వేరైతే దానికి విడిగా గడి ఉంది, క్లయింటు చిరునామా అక్కడ రాయాలి. రోజువారీ పని చూసిన క్లయింట్ మేనేజర్ పేరు కామెంట్‌లో ఇవ్వడం మేలు.

బెంచ్ గురించి అందరూ తడబడతారు. హెచ్-1బీలో ప్రాజెక్టు లేకపోయినా యజమాని జీతం ఇవ్వాలన్నది చట్టం. ఇవ్వకపోతే తప్పు యజమానిదే, కానీ ఆ నెలల్లో జీతం వచ్చినట్టు, ప్రాజెక్టు ఉన్నట్టు రాస్తే అది మన అబద్ధమవుతుంది. కంపెనీలోనే ఉన్నాం గానీ ఫలానా నెలల్లో ప్రాజెక్టూ జీతమూ లేవని కామెంట్‌లో రాయడమే దారి.

ప్రతి ఉద్యోగం కిందా గడిచిన ఏడేళ్లకు సంబంధించి ఒక ప్రశ్న ఉంటుంది: తీసేశారా, తీసేస్తామని చెబితే మానేశారా, దుష్ప్రవర్తన ఆరోపణ వచ్చాక పరస్పర అంగీకారంతో వెళ్లారా, పనితీరు బాగాలేదని నోటీసు ఇచ్చాక అలా వెళ్లారా. కంపెనీ లే-ఆఫ్ ఈ నాలుగింటిలో దేనికిందకూ రాదు, ప్రాజెక్టు గడువు ముగియడమూ రాదు. కానీ ‘రిజైన్ చేయి, లేకపోతే మేమే తీసేస్తాం’ అని హెచ్ఆర్ చెప్పి ఉంటే, రికార్డులో రాజీనామా అని ఉన్నా జవాబు ‘అవును’. రాతపూర్వక హెచ్చరిక, సస్పెన్షన్ గురించి వేరే ప్రశ్న ఉంది.

అన్నిటికన్నా బరువైనవి రెండు. ఒకటి, చదువుకునే రోజుల్లో గ్యాస్ స్టేషన్‌లోనో రెస్టారెంట్‌లోనో క్యాష్‌కి చేసిన పని. రెండు, కన్సల్టెన్సీ పెట్టించిన ఫేక్ ఎక్స్‌పీరియన్స్. పదేళ్లలో పడితే క్యాష్ పని కూడా ఉద్యోగమే. ఎన్-400లో, గ్రీన్ కార్డు ఫారాల్లో దాన్ని దాచి ఉంటే సమస్య క్లియరెన్స్‌తో ఆగదు, పౌరసత్వం దాకా వెళ్లొచ్చు. అలాంటివాళ్లు సంతకానికి ముందే ఇమిగ్రేషన్, క్లియరెన్స్ రెండూ తెలిసిన లాయర్‌తో కూర్చోవాలి. వాట్సాప్ గ్రూపుల్లో సలహా అడిగే విషయం కాదిది. ఫేక్ ఎక్స్‌పీరియన్స్‌ను మాత్రం ఫారంలోకి ఎట్టి పరిస్థితిలోనూ తేవొద్దు. రెజ్యూమెలో ఏడేళ్లు, ఫారంలో మూడేళ్లు కనిపించి ఈ ఉద్యోగమే పోయినా సరే. సంతకం కింద ఉండే చట్టం టైటిల్ 18 సెక్షన్ 1001, తెలిసి అబద్ధం రాస్తే అయిదేళ్ల దాకా జైలు.

నిర్ణయం తీసుకునే అధికారులు చూసేది 2017 నుంచి అమల్లో ఉన్న 13 గైడ్‌లైన్లు. వాటిలో ‘ఈ’ (E) అక్షరంతో ఉన్న గైడ్‌లైన్ వ్యక్తిగత ప్రవర్తన గురించినది. కావాలని దాచడం అందులో మొదటి ఆక్షేపణ. ఎవరూ అడగకముందే, వెంటనే, మనంతట మనం సరిదిద్దుకోవడం అందులోనే ఊరటనిచ్చే మొదటి అంశం. ఎప్పుడో ఉద్యోగం పోవడం కాలంతో పాటు పలచబడుతుంది. దాచిన సంగతికి మాత్రం ఆ కాలం లెక్క సంతకం చేసిన రోజు నుంచే మొదలు. అందుకని ఫారం పంపాక ఏదైనా గుర్తొస్తే ఎఫ్ఎస్ఓకు రాతలో చెప్పండి. టాప్ సీక్రెట్ స్థాయి క్లియరెన్స్‌కు ఇంటర్వ్యూ తప్పకుండా ఉంటుంది, దాని కింది స్థాయి సీక్రెట్‌కు అవసరాన్ని బట్టి పిలుస్తారు. అక్కడ కూర్చోగానే, పరిశోధకుడు ఆ ప్రశ్న దాకా రాకముందే చెప్పాలి. ఆయన ఆధారమైన కాగితం చూపించాక ఒప్పుకుంటే దానికి ఆ విలువ ఉండదు.

పంపేముందు ఫారం పీడీఎఫ్ దించుకుని, ఆ 120 వరసల షీటుతో పాటు దాచుకోండి. ఇంటర్వ్యూకు ముందు రోజు చదవాల్సింది అదే. కంపెనీ మారి మళ్లీ ఫారం నింపాల్సి వస్తే, తేదీలు అందులోంచే తీసుకోవాలి.