వాసన లేని వెనీలా తోటలో

సాంబవాలో విమానం దిగి అందాపా వైపు కొండదారిలో వెళ్తున్నంతసేపూ కారు అద్దం దించుకునే కూర్చున్నాను. మడగాస్కర్ ఈశాన్య మూలనున్న ఈ సావా ప్రాంతమంటే వెనీలాకి రాజధాని కదా, గాలంతా ఐస్‌క్రీమ్ వాసన కొడుతుందని నా ఊహ. ఏమీ రాలేదు. తీగ మీదున్న పచ్చికాయకి వాసనే ఉండదని మర్నాడు తెలిసింది.

అది అక్టోబరు, పూతకాలం. ఒక సహకార సంఘంలో సభ్యురాలైన రైతు తోటకి పొద్దున్నే చేరాం. వెనీలా పువ్వు తెల్లవారాక విచ్చుకుని మధ్యాహ్నానికల్లా వాడిపోతుంది. ఈ తీగ పుట్టిల్లు మెక్సికో. దాన్ని ఫలదీకరించే కీటకాలు ఇక్కడ లేవు కాబట్టి ప్రతి పువ్వునీ చేత్తోనే చూసుకోవాలి. ఆవిడ సన్నటి పుల్లతో పువ్వులోని పొరని ఎత్తి, బొటనవేలితో పుప్పొడిని అదిమింది. అంతే, అయిపోయింది. నన్నూ చేయమంది. మూడు పువ్వులు చింపేశాను. ఆవిడ నవ్వింది గానీ నాకు టెన్షన్, మూడు కాయలు పోగొట్టినట్టే కదా! ఈ కిటుకు 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే 12 ఏళ్ల బానిస కుర్రాడు కనిపెట్టాడు. దాంతో ఎందరో కోట్లు గడించారు. అతను మాత్రం పేదరికంలోనే పోయాడు.

పూత నుంచి కోతకి దాదాపు తొమ్మిది నెలలు. ఈలోగా బియ్యం నిండుకుంటాయి, దొంగల భయం పట్టుకుంటుంది. కాయ పచ్చిగా ఉండగానే గుండుసూదులతో సొంత గుర్తు పొడుస్తారు, రాత్రిళ్లు కాపలా కాస్తారు. చేతిలో డబ్బు లేనివాళ్లు దళారి దగ్గర ముందే అప్పు తీసుకుని, ముదరని కాయ కోసి ఇచ్చేస్తారు. అలాంటి కాయలో సువాసన తక్కువ, ధరా తక్కువే.

ఆ సంఘం అమ్మేది ఫెయిర్ ట్రేడ్ కింద, అంటే రైతుకి న్యాయమైన ధర దక్కేలా కొనే పద్ధతిలో. అదంటే నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వడమే అనుకునేవాణ్ణి. అసలు లాభం కాయ ముదిరేదాకా ఆగగలగడం. సంఘం అడిగితే కొనేవాళ్లు కొంత సొమ్ము ముందే ఇస్తారు. కనీస ధర ఉంటుంది. దానిపైన వచ్చే అదనపు సొమ్ము, అంటే ప్రీమియం, బడికా, బావికా, గోదాముకా అన్నది సభ్యులే కూర్చుని తేల్చుకుంటారు. 2018లో కిలో 600 డాలర్ల దాకా వెళ్లిన ఎగుమతి ధర తర్వాత కుప్పకూలింది. ప్రభుత్వం 2020లో పెట్టిన 250 డాలర్ల కనీస ధరని 2023లో ఎత్తేసింది. అలాంటి మార్కెట్లో పట్టుకోవడానికి ఒక కొమ్మ ఉండటం చిన్న విషయం కాదు.

అయితే పంటంతా ఆ లెక్కన అమ్ముడుపోదని ఆవిడే చెప్పింది. మిగిలింది మామూలు బజారుకే. ఆర్గానిక్ గురించి అడిగితే, "మందులు కొనే డబ్బు మాకెప్పుడుంది?" అంది. తీగ మొదట్లో ఆకుచెత్త వేయడం, నీడచెట్లు కొట్టకపోవడం తాతలనాటి పద్ధతే. ఆర్గానిక్ అని ధ్రువీకరించే కాగితాల ఖర్చే కొత్తది. ఒంటరి రైతు మోయలేడు, సంఘంగా పంచుకుంటేనే వీలవుతుంది.

చివర్లో ఆవిడ నన్ను సంఘం గోదాములోకి తీసుకెళ్లింది. వేడినీళ్లలో ముంచి, దుప్పట్లలో చెమట పట్టించి, నెలల తరబడి ఆరబెట్టిన కాయలు చెక్కపెట్టెల్లో ఉన్నాయి. ఎంతో దూరం ఎగిరొచ్చిన నా ముక్కుకి అప్పుడు తగిలింది ఆ వాసన. కిలో ఎండుకాయకి ఐదారు కిలోల పచ్చికాయలు కావాలట.

"మీరు దీన్ని దేంట్లో వేసుకుంటారు?" అని అడిగింది. ఐస్‌క్రీమ్‌లో అన్నాను. మేం తినేదాంట్లో చాలావరకు ఫ్యాక్టరీలో తయారైన వెనిలిన్, అంటే వెనీలా వాసననిచ్చే రసాయనం అని చెప్పడానికి నోరు రాలేదు. ఒక కాయ తీసి చేతిలో పెట్టింది. నల్లగా, మెత్తగా ఉంది. గుండుసూది గుర్తులు ఇంకా వేలికి తగులుతున్నాయి.