నాన్న చేతక్, నా ఆగర్

కిందటి డిసెంబర్లో మా పక్కింటి పెద్దాయన గరాజ్ సర్దుకుంటూ నన్ను పిలిచి, మూలన నిలబెట్టిన పాత ఆగర్ చూపించారు. గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టేవాళ్లు మంచుకి కన్నం వేసుకునే యంత్రం అది. "నేనిక మోయలేను. నడిపించుకోగలిగితే నీదే" అన్నారు. విస్కాన్సిన్‌లో తయారైన జిఫ్ఫీ బ్రాండ్‌ది. పైన టెకుమ్సే కంపెనీ టూ స్ట్రోక్ ఇంజిన్ (పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోసే రకం), కింద 10 అంగుళాల కన్నం వేసే మర. బరువు ఇంచుమించు 15 కిలోలు.

మేముండేది అమెరికాలో మినియాపోలిస్ దగ్గర. ఇక్కడ నా స్నేహితులంతా బ్యాటరీ ఆగర్‌లకి మారిపోయారు. నన్నూ అదే కొనుక్కోమన్నారు. కానీ ఆ ట్యాంక్ మూత తీయగానే పెట్రోల్, ఆయిల్ కలిసిన వాసన ముక్కుకి తగిలింది, అంతే, మా నాన్న చేతక్ స్కూటర్ గుర్తొచ్చింది. బంకులో టూటీ ఆయిల్ కలిపించుకోవడం, స్టార్ట్ కాకపోతే బండిని పక్కకి వంచడం, ప్లగ్గు విప్పి ఎమరీ పేపర్‌తో రుద్దడం, అన్నీ చిన్నప్పుడు పక్కన నిలబడి చూసినవే. ఇదీ అలాంటి ఇంజినే కదా అనిపించింది.

తాడు ఇరవైసార్లు లాగాను. ఉలుకూ పలుకూ లేదు. తెనాలికి వీడియో కాల్ చేస్తే నాన్న ఒకటే మాటన్నారు: "ముందు కరెంటు వస్తోందో లేదో చూడరా. పెట్రోల్ సంగతి తర్వాత."

పెట్రోల్ డబ్బా దూరంగా పెట్టి, ప్లగ్గు విప్పి, వైరు తగిలించి, దాని ఇనుప ఒంటిని ఇంజిన్‌కి ఆనించి, గరాజ్ లైటు తీసేసి తాడు లాగాను. నీలం రంగు నిప్పురవ్వ చిటుక్కుమంది. కరెంటు ఉంది. అంటే లోపం పెట్రోల్ దారిలోనే.

నాలుగు చలికాలాలుగా ట్యాంకులో ఉండిపోయిన పెట్రోల్ వార్నిష్ వాసన కొడుతోంది. ఇక్కడ మామూలు పంపులో వచ్చేదాంట్లో 10 శాతం ఇథనాల్ ఉంటుంది. ఏళ్ల తరబడి వదిలేస్తే అది రబ్బరు భాగాలని పాడుచేస్తుంది. పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి అందించే కార్బ్యురేటర్ విప్పితే సరిగ్గా అదే జరిగింది. చేతక్‌లో అయితే పెట్రోల్‌ని ఫ్లోట్ అదుపు చేస్తుంది. ఆగర్‌ని మనం ఎటుపడితే అటు వంచుతాం కాబట్టి దీంట్లో ఫ్లోట్ ఉండదు, పల్చటి పొర ఒకటుంటుంది. దాన్నే డయాఫ్రమ్ అంటారు. ఇంజిన్ పీల్చినప్పుడల్లా అది లోపలికి వంగి, పెట్రోల్ దారిని మూసి ఉంచే సూదిని నెట్టి, పెట్రోల్‌కి దారిస్తుంది. మెత్తగా వంగాల్సిన ఆ పొర కాస్తా ఎండిన అప్పడంలా బిరుసెక్కి, అంచులు పైకి లేచి ఉంది.

టెకుమ్సే ఇంజిన్ల తయారీ 2008లోనే ఆగిపోయినా, డయాఫ్రమ్, గాస్కెట్ ఉండే రిపేరు కిట్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. తెప్పించి, జెట్లు (పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రాలు) శుభ్రం చేసి, ముందు గాస్కెట్ (అతుకు దగ్గర కారకుండా పెట్టే పల్చటి బిళ్ల), దాని మీద డయాఫ్రమ్ పెట్టి బిగించాను. స్టార్ట్ కాలేదు. మళ్లీ విప్పి, మళ్లీ బిగించాను. మూడు సాయంత్రాలు ఇదే పని. నిద్రలో కూడా అదే టెన్షన్. నాలుగో రోజు టార్చి పట్టుకుని చూస్తుంటే, కార్బ్యురేటర్ అంచు మీద మసి కింద చిన్న ఎఫ్ అక్షరం కనిపించింది. ఆ గుర్తు ఉన్నవాటికి వరస తిరగబడుతుందట. ముందు డయాఫ్రమ్, రివెట్ తల సూది వైపు ఉండేలా, ఆ తర్వాతే గాస్కెట్. అంత చిన్న అక్షరం కోసం మూడు రోజులు!

వరస మార్చి, ఇథనాల్ కలపని పెట్రోల్‌లో మాన్యువల్‌లో చెప్పిన పాళ్లలో ఆయిల్ కలిపి పోశాను. ఏడోసారి లాగేసరికి గుప్పున నీలం పొగ, ఆపైన ఆ చప్పుడు. ఫోన్ దగ్గరగా పెట్టాను. నాన్న కాసేపు చెవి ఒగ్గి విని, "పెట్రోల్ చాలట్లేదురా దానికి, స్క్రూ ఒక్క పావు తిప్పు వదులు చెయ్యి" అన్నారు. చేశాను. చప్పుడు సర్దుకుంది. పదమూడు వేల కిలోమీటర్ల అవతల నుంచి!

జనవరిలో 169 నంబరు రోడ్డు మీద గ్యారిసన్ దాకా వెళ్లి మిల్ లాక్స్ సరస్సు మీదకి దిగాం. ఇరవై అంగుళాల మందం మంచుగడ్డ. యాక్సిలరేటర్ నొక్కేదాకా మర కదలదు, నొక్కగానే క్లచ్ పట్టుకుని పిడుల్లో బలం తెలుస్తుంది. తెల్లటి పొడి బూట్ల చుట్టూ పోగవుతుంది. ఆఖరి అంగుళంలో ఒక్క కుదుపు, ఆ వెంటనే నీళ్లు బుసబుసా పైకి. మర పైకి లాగి, తేలుతున్న మంచుముక్కల్ని చిల్లుల గరిటెతో, బూరెలు తీసినట్టే, తీసేయడమే.

చలికి మంచు మీద వేసుకునే గుడారం లోపల మాత్రం దీన్ని నడపకూడదు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. అక్కడ బ్యాటరీదే మేలు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఆ చలికి బ్యాటరీలు త్వరగా నీరసించిపోతాయి. మాకు కాస్త దూరంలో ఇద్దరు పిల్లలతో వచ్చిన ఒకాయనది సగంలోనే ఆగిపోతే, మిగతా మూడు కన్నాలు మా ఆగరే వేసింది. మాకు పడినవి మూడు పెర్చ్ చేపలు.

మార్చిలో ట్యాంకు ఖాళీ చేసి, కార్బ్యురేటర్‌లో ఉన్న చుక్క కూడా అయిపోయి దానంతటదే ఆగేదాకా నడిపాను. బ్లేడు తుడిచి నూనె రాసి గోడకి తగిలించాను. హ్యాండిల్‌కి టేపు చుట్టి, ఇంగ్లీషులో ఒకసారి, మా అబ్బాయి కోసం తెలుగులో ఒకసారి రాశాను: ముందు డయాఫ్రమ్, తర్వాత గాస్కెట్.