కోర్టు ఏఏ మీటింగులకే వెళ్లమంటే: కాలిఫోర్నియాలో నా అనుభవం

తాగుడు మానిపించే చికిత్సకు వెళ్లమని కోర్టు చెప్పొచ్చు. దేవుడి పేరుతో నడిచే చికిత్సకే వెళ్లాలి, వేరే దారి లేదు అని మాత్రం చెప్పకూడదు. ప్రభుత్వం మతాన్ని రుద్దకూడదనే అమెరికా రాజ్యాంగం మొదటి సవరణ అడ్డుపడేది ఈ రెండోదానికే. నా డీయూఐ (తాగి బండి నడిపిన కేసు) ప్రొబేషన్‌లో, అంటే కోర్టు షరతుల మీద బయట ఉండే గడువులో, ‘వారానికి రెండు ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు’ (ఏఏ, తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం) అన్న షరతు మార్పించుకున్నప్పుడు నాకు పనికొచ్చింది ఈ తేడా ఒక్కటే.

మనవాళ్ల నుంచి ముందు వచ్చే ప్రశ్న: ‘ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం పెట్టుకున్నవాడివి, అక్కడ గాడ్ అంటే నీకేం పోయింది?’ అభ్యంతరం చెప్పడానికి నాస్తికుడే కానక్కర్లేదు. 2007లో తొమ్మిదో సర్క్యూట్ (కాలిఫోర్నియా, హవాయి కూడా దీని కిందికి వచ్చే ఫెడరల్ అప్పీలు కోర్టు) తేల్చిన ఇనోయే కేసు హవాయిలో పెరోల్ మీద (షరతులతో జైలు నుంచి విడుదలై) ఉన్న ఒక బౌద్ధుడిది. ఏఏ సభ్యులు పాటించే పన్నెండు మెట్లలో సగం దేవుణ్ణో, మనకన్నా పెద్ద శక్తినో తలుస్తాయి. మూడో మెట్టు మన ఇష్టాన్నీ బతుకునీ దేవుడి చేతిలో పెట్టమంటుంది. చాలా చోట్ల మీటింగు ముగింపులో చేతులు పట్టుకుని క్రైస్తవ ప్రార్థన చెబుతారు. ‘దేవుడంటే నీకు తోచినట్టు అనుకో’ అని మంచి మనసుతోనే అంటారు. కానీ 1996లో కెర్ కేసులో ఏడో సర్క్యూట్ (ఇంకో ఫెడరల్ అప్పీలు కోర్టు) ఈ సర్దుబాటును ఒప్పుకోలేదు. మెట్లు చదివితే కనిపించేది ఒకే దేవుడి భావన అని చెప్పింది.

ఆ తీర్పు వేసిన మూడు ప్రశ్నలే ఇప్పటికీ కొలబద్ద. పంపింది ప్రభుత్వమేనా? బలవంతం ఉందా? ఆ బలవంతం మతపరమైన దానికేనా? మూడింటికీ అవునన్న జవాబు రావాలి. కంపెనీ హెచ్ఆర్ పంపితే మొదటి ప్రశ్న దగ్గరే కేసు ఆగిపోతుంది. కోర్టు ఇచ్చిన జాబితాలో మతంతో పనిలేని కార్యక్రమం ఒక్కటైనా నిజంగా అందుబాటులో ఉంటే రెండో ప్రశ్న దగ్గర ఆగుతుంది. ‘ఏఏకి వెళ్లు, లేదా జైలుకి’ అన్నది మాత్రం ఎంపిక కిందికి రాదు.

అందుకే ముందు కాగితం చదవాలి. షరతులో ‘సెల్ఫ్ హెల్ప్ మీటింగులు’ అని ఉంటే గొడవే లేదు, నచ్చినదానికి ఆఫీసరు ఆమోదం తీసుకుంటే చాలు. ‘ఏఏ’ అని మాత్రమే ఉంటే, ప్లీ (నేరం ఒప్పుకునే ఒప్పందం) మీద సంతకానికి ముందే ‘లేదా మతంతో సంబంధం లేని సమానమైన కార్యక్రమం’ అని చేర్పించమని లాయరును అడగండి. పబ్లిక్ డిఫెండర్ (ప్రభుత్వం ఇచ్చే ఉచిత లాయరు) అయినా సరే. ఆ దశలో ఇది రెండు నిమిషాల పని.

సంతకం అయిపోయాక పని పెరుగుతుంది. ప్రొబేషన్ ఆఫీసరు ఉంటే ఒక పేజీ ఉత్తరం రాసి ఈమెయిల్లో పంపాలి, తేదీ రికార్డులో ఉంటుంది. చికిత్సకు సిద్ధమని మొదటి వాక్యంలోనే చెప్పాలి, అభ్యంతరం రెండో వాక్యంలో. తర్వాత ప్రత్యామ్నాయం: స్మార్ట్ రికవరీ, లైఫ్‌రింగ్ లాంటి, మతంతో పనిలేని సంఘాల మీటింగులు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ లేదా ఏ లింకులో, హాజరు రుజువు ఎలా వస్తుంది అన్నవన్నీ మీరే నింపి పెట్టాలి. ఆఫీసరుకు వెతికే పని మిగిలిస్తే జవాబు రాదు. చిన్న కేసుల్లో చాలామందికి ఆఫీసరే ఉండరు, ప్రొబేషన్ నేరుగా కోర్టు కిందే నడుస్తుంది. అప్పుడు కాలిఫోర్నియా పీనల్ కోడ్ 1203.3 కింద షరతు మార్చమని అర్జీ పెట్టాలి. ప్రాసిక్యూటరుకు రెండు రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు వెళ్లాలి. అది లేకపోతే విచారణ ముందుకు కదలదు.

జవాబు వచ్చేదాకా మీటింగులు ఎగ్గొట్టకూడదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. హక్కు మీదే అయినా, రికార్డులోకి ఎక్కేది ప్రొబేషన్ ఉల్లంఘన. ఈలోగా వెళ్తున్నది అభ్యంతరంతోనే అని ఉత్తరంలో ఒక ముక్క రాయండి, వెనక కూర్చుని వినండి, ప్రార్థనకు లేవకండి. లేవకపోయినా ఎవరూ ఏమీ అనరు. ఏఏ తనంతట తాను ఎవరినీ బలవంతపెట్టదు, ఆ మాట ఒప్పుకోవాలి.

మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు. ఆన్‌లైన్ మీటింగు సర్టిఫికెట్ మీద మీరు టైపు చేసిన పేరే పడుతుంది. కోర్టు ఫైల్లో ఇంటిపేరు ముందుండి, జూమ్‌లో ముద్దుపేరు ఉంటే ఆ కాగితం చెల్లకపోవచ్చు. ఫైల్లో ఉన్న స్పెల్లింగే అక్షరం పొల్లుపోకుండా పెట్టండి.

ఆఫీసరు ‘కుదరదు’ అంటే మర్యాదగానే హేజిల్ కేసు గుర్తుచేయొచ్చు. కాలిఫోర్నియాలో పెరోల్ మీద ఉన్న ఒక నాస్తికుణ్ణి పన్నెండు మెట్ల కేంద్రానికే పంపారు. మర్యాదగానే ఉన్నా ఇబ్బంది పెడుతున్నాడని అక్కడ రాశారు, దాంతో వంద రోజులకు పైగా మళ్లీ జైలు. పరిహారం ఇచ్చి తీరాలని 2013లో తొమ్మిదో సర్క్యూట్ చెప్పింది, 2014లో సుమారు 19 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. అంతకుముందు న్యూయార్క్ వార్నర్ కేసులో దక్కింది ఒక్క డాలరే! చట్టం అప్పటికే స్పష్టంగా ఉంది కాబట్టి పరిహారం దావాల నుంచి ఆఫీసరుకు మామూలుగా ఉండే రక్షణ వర్తించదని ఇనోయే తీర్పు అంది. ఆఫీసర్లకు బాగా తలకెక్కేది ఈ మాటే.

డీయూఐ క్లాసుల మీద మాత్రం ఈ వాదన పనిచేయదు. మొదటి కేసుకు మామూలుగా పడే 30 గంటల కార్యక్రమం చదువు, కౌన్సెలింగ్. అందులో మతం లేదు.

హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు ఇంకో సంగతి. డీయూఐ అరెస్టుతోనే స్టేట్ డిపార్ట్‌మెంట్ వీసా స్టాంపును రద్దు చేయొచ్చు. అమెరికాలో ఉన్నంతకాలం స్టేటస్ దానివల్ల పోదు, కానీ దేశం దాటితే కొత్త స్టాంపింగ్ తప్పదు. హైదరాబాద్ కాన్సులేట్‌కు వెళ్లినప్పుడు ప్యానెల్ డాక్టరు (కాన్సులేట్ ఆమోదించిన డాక్టరు) దగ్గరికి పంపవచ్చు. కోర్టు ముద్ర ఉన్న తీర్పు నకలు, షరతు మార్చిన ఆర్డరు, క్లాసు పూర్తిచేసిన పత్రం, మీటింగుల హాజరు కాగితాలు ఒకే ఫైల్లో పెట్టుకుని వెళ్లండి. ఏఏ హాజరు స్లిప్పుల మీద పూర్తి వివరాలు ఉండకపోవచ్చు, కార్యదర్శిది మొదటి పేరే ఉండొచ్చు. కాబట్టి ప్రతి స్లిప్పు వెనక మీటింగు చోటు, వేళ మీరే అప్పటికప్పుడు రాసిపెట్టుకోండి.