అత్తయ్యగారి సగం మాత్రలు

యూరప్‌కు షెంజెన్ విజిటర్ వీసా కావాలంటే కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ చూపించాలి. అమెరికా విజిటర్ వీసా బి-2కు ఆ షరతు లేదు. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు ఎవరింటికి వెళ్తున్నారు, ఎన్నాళ్లుంటారు అని అడిగి మామూలుగా ఆరు నెలలు ఇస్తాడు. ఒంట్లో బాగోకపోతే ఏం చేస్తారని మాత్రం అడగడు. మనమూ పెద్దగా అడగం. పెద్దవాళ్లు వస్తున్నారన్న సంబరంలో ఆ మాట ఎత్తడం అపశకునంలా అనిపిస్తుంది.

మా అత్తయ్యగారు నా డెలివరీకని డల్లాస్ వచ్చారు. వచ్చేటప్పుడు ఆరు నెలలకు ఇన్సూరెన్స్ తీసుకున్నాం. బాబు డే కేర్‌కి మరీ చిన్నవాడని తర్వాత ఐ-539 అనే దరఖాస్తు ఫారం పెట్టి ఆవిడ గడువు పొడిగించాం. పాలసీని మాత్రం ఆవిడ పొడిగించనివ్వలేదు. "ఇన్ని డాలర్లు కట్టారు, ఒక్కసారన్నా వాడామా? దండగ కాకపోతే!" అని మా ఆయన మీద ఒంటికాలి మీద లేచారు.

ఒకరోజు పొద్దున్నే చూస్తే, వంటింటి గట్టు మీద స్టీలు ప్లేటులో బీపీ మాత్ర పెట్టి చాకుతో రెండు ముక్కలు చేస్తున్నారు. ఒక ముక్క నోట్లో వేసుకుని, రెండోది ఖాళీ స్ట్రిప్పు గుంటలో దాచి, చిరిగిన రేకు గోటితో నొక్కి మూస్తున్నారు. షుగర్ మాత్రలకూ అదే వైద్యం. "ఊరెళ్లేదాకా సరిపెట్టుకోవాలి కదమ్మా" అన్నారు, కందిపప్పు డబ్బా అడుగంటిందన్నంత మామూలుగా. ఆ షుగర్ మాత్ర కడుపులో నిదానంగా కరిగే రకం. దాన్ని అసలు తుంచకూడదు.

ఇండియా డాక్టరు రాసిన చీటీకి ఇక్కడ ఫార్మసీలో మందులివ్వరు. ఇక్కడి డాక్టరు చూసి రాయాల్సిందే. డాక్టరనగానే వేల డాలర్లు గుర్తొచ్చి చాలామంది అక్కడే ఆగిపోతారు. నిజానికి మామూలు జ్వరానికి, ఒంటి నొప్పులకు అర్జెంట్ కేర్ అనే క్లినిక్కులున్నాయి, ఎమర్జెన్సీ రూమ్‌తో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. బీపీ, షుగర్ లాంటి రోజువారీ జబ్బులకు ఫెడరల్ నిధులతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లున్నాయి. డబ్బు కట్టలేరని అక్కడ ఎవర్నీ వెనక్కి పంపకూడదు. ఆదాయాన్ని, ఇంట్లో ఉండేవాళ్ల సంఖ్యను బట్టి ఫీజు తగ్గిస్తారు. అయితే కొడుకు జీతం కూడా లెక్కలో వేస్తారా లేదా అన్నది ఆ సెంటర్ పద్ధతిని బట్టి ఉంటుంది. మా దగ్గర వేశారు, కాబట్టి రాయితీ రాలేదు. పూర్తి ఫీజే కట్టాం. అయినా మేం భయపడినంత కాలేదు. పైగా ఎంతవుతుందో ముందే కాగితం మీద రాసిచ్చారు. ఇన్సూరెన్స్ లేకుండా సొంతంగా కట్టుకునేవాళ్లు ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుంటే అలా అంచనా ఇవ్వాలని 2022 నుంచి చట్టం ఉంది. బిల్లు ఆ అంచనాను 400 డాలర్లో అంతకన్నా ఎక్కువో దాటితే అభ్యంతరం పెట్టొచ్చు.

మందుల ఖర్చు ఇంకా తేలిక. మెట్‌ఫార్మిన్ లాంటి పాత జెనరిక్ మందులు వాల్‌మార్ట్‌లో నెలకు 4 డాలర్ల జాబితాలో ఉంటాయి. జాబితాలో లేనివాటికి గుడ్‌ఆర్‌ఎక్స్ లాంటి డిస్కౌంట్ కూపన్లు పనికొస్తాయి. ఇన్ని రోజులు ఆ చాకు పట్టుకుని కూర్చుంది దీనికోసమా అని మా ఆయన తల పట్టుకున్నారు.

ఇన్సూరెన్స్ ఉన్నా లోపల ఏముందో చూసుకోవాలి. ఫిక్స్‌డ్ ప్లాన్ చవకే కానీ, దేనికి ఎంత ఇస్తారో ముందే గీత గీస్తారు. మిగతాదంతా మన నెత్తిన పడుతుంది. కాంప్రహెన్సివ్ ప్లాన్ నయం. అదైనా పాత జబ్బు 'ఉన్నట్టుండి ముదిరితే'నే పరిమితంగా ఇస్తుంది, నెలనెలా మందులకూ చెకప్పులకూ ఇవ్వదు. పాలసీ మధ్యలో తెగిపోయి మళ్లీ కొత్తది తీసుకుంటే, ఈలోపు వచ్చిన జబ్బులన్నీ పాత జబ్బుల ఖాతాలోకే పోతాయి. అత్తయ్యగారు దండగ అన్న ప్రీమియంలో సగం విలువ పాలసీ ఇలా మధ్యలో తెగకుండా ఉండటంలోనే ఉంది.

గుండెనొప్పి, పక్షవాతం లాంటివైతే ఈ లెక్కలేవీ వేసుకోకూడదు. 911కి ఫోన్ చేయాలి. 1986 నాటి ఎమ్‌టాలా చట్టం ప్రకారం, మెడికేర్ (ఇక్కడి పెద్దవాళ్ల ప్రభుత్వ ఇన్సూరెన్స్) తీసుకునే ఏ ఆసుపత్రి ఎమర్జెన్సీ అయినా, ఇన్సూరెన్స్ ఉన్నా లేకపోయినా మనిషిని పరీక్షించాలి, ప్రాణాపాయం ఉంటే పరిస్థితి కుదుటపడేదాకా వైద్యం చేయాలి. ఉచితమని కాదు, బిల్లు తర్వాత వస్తుంది. మన పెద్దవాళ్లు డాలర్లను రూపాయల్లోకి మార్చుకుని, ఛాతీలో నొప్పిని గ్యాస్ అని చెప్పి వాము నీళ్లు తాగుతారు. నాకు బిల్లు కంటే ఆ వాము నీళ్లంటేనే భయం.

బిల్లొచ్చాక దేనికెంతో విడివిడిగా రాసిన ఐటమైజ్డ్ బిల్లు అడగాలి, సొంతంగా కట్టుకునేవాళ్లకిచ్చే సెల్ఫ్ పే డిస్కౌంట్ అడగాలి. లాభాపేక్ష లేని ఆసుపత్రులకు ఆర్థిక సాయం పాలసీ ఒకటి రాతపూర్వకంగా ఉండి తీరాలి. విజిటర్లకు అది వర్తిస్తుందో లేదో ఆసుపత్రిని బట్టి మారుతుంది కాబట్టి, అడిగి దరఖాస్తు పెట్టాలి. వాయిదాలకు ఎక్కువ చోట్ల ఒప్పుకుంటారు.

"బిల్లొస్తే అమ్మానాన్నల్ని ఫ్లైట్ ఎక్కించేస్తే సరి" అనే సలహాలు వాట్సాప్‌లో చాలా తిరుగుతుంటాయి. చెప్పేవాళ్లకు అడ్మిషన్ డెస్కు దగ్గర కాగితాల సంగతి తెలియదేమో. అందులో 'గ్యారంటర్' అని ఒక గీత ఉంటుంది. కంగారులో కొడుకో కూతురో అక్కడ సంతకం పెట్టేస్తే, ఆ బిల్లు వాళ్ల మెడకే చుట్టుకోవచ్చు. డబ్బు సంగతి తేలేదాకా ఎమర్జెన్సీ పరీక్ష ఆపకూడదని అదే ఎమ్‌టాలా చెబుతోంది. కాబట్టి పెద్దాయన్ని లోపలికి పంపించి, తీరిగ్గా కుర్చీలో కూర్చుని ఆ కాగితం చదువుకోవచ్చు.